చివరి పేరా

"గడువు దాటిపోయింది, పియెహా గారూ. మూడు రోజులైంది," అంది కోర్టు కౌంటరు వెనక కూర్చున్న నెస్రిన్. పసుపు కవరు మీద పోస్ట్‌మన్ పెన్నుతో వేసిన తేదీని వేలితో చూపించింది. "ఇది మీ చేతికొచ్చింది మే ఏడున. ఇవాళ జూన్ పది. నెల లోపల రావాల్సింది."

ఎవాల్ట్ పియెహా టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ తీసి తలమీద పెట్టుకున్నాడు. బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు దిగి పైకొచ్చిన మనిషికి ఆ క్షణంలో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పక్కనున్న భార్య రొస్వీత ఊరుకోలేదు. "ఈ కవరు ఎక్కడ దొరికిందో అడగమ్మా. పావురాల గూట్లో, గింజల డబ్బా కింద. ఈ మహానుభావుడు ఉత్తరంలో మొదటి లైను చదివాడు. కవరు మీద పావురం పిల్లల కాలి రింగుల నంబర్లు రాసుకున్నాడు. అంతే."

"మొదటి లైను చాలదా?" అన్నాడు ఎవాల్ట్. "'పెరటిలోని పావురాల గూడు కూల్చివేయవలెను' అని ఉంది. ఆ తర్వాత ఇంకేం రాస్తారు, చెక్కలు ఎక్కడ పేర్చాలనా?"

గూడు పక్కవాళ్ళ హద్దుకి ఉండాల్సినదానికన్నా నలభై సెంటీమీటర్లు దగ్గరగా ఉందట. అది మునిసిపాలిటీ నిర్ణయం. అందులో పందెం పావురాలు నలభై రెండున్నాయి. మనిషికైతే ఇల్లు మారమని చెప్పొచ్చు. వాటికెవరు చెబుతారు? ఏ ఊళ్ళో వదిలినా, ఎవరికిచ్చినా, అవి తిరిగి ఆ పెరటికే వస్తాయి. గూడు లేని చోటు మీద గిరగిరా తిరుగుతాయి.

"పోనీ మునిసిపాలిటీకే వెళ్ళి, ఇంకోసారి ఆలోచించండయ్యా అని అడగమంటావా?" అన్నాడు మెల్లగా.

"మన రాష్ట్రంలో ఆ పద్ధతి తీసేసి చాలా ఏళ్ళయింది, పెద్దాయనా. ఊరి ఆఫీసు నిర్ణయం నచ్చకపోతే నేరుగా మా కోర్టుకే రావాలి. లాయరు కూడా అక్కర్లేదు, మీరు చెబితే ఫిర్యాదు నేనే రాసుకుంటాను. కాకపోతే గడువు లోపల రావాలి."

"అంతా మునిసిపాలిటీలో ఉన్న ఆ బ్రింక్‌మాన్ వల్ల," అన్నాడు ఎవాల్ట్. కోపంతో అతని గొంతు పెరిగింది. "ఉత్తరం రాసింది ఆవిడే, కొలతలకి వచ్చిందీ ఆవిడే. టేపు చుట్టేశాక కూడా కదల్లేదు. పందేనికి వెళ్ళిన పావురాల్లో ఆఖరిది దిగేదాకా పెరట్లో నిలబడి చూసింది. ఎన్ని పక్షులున్నాయో లెక్కపెట్టుకుంటోందన్నమాట. ఉత్తరం వచ్చాక ఫోన్ చేస్తే ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"'నాతో వాదించి లాభం లేదు పియెహా గారూ, కళ్ళజోడు పెట్టుకుని చివరి పేరా చదవండి' అంది. కళ్ళజోడు ఊసు ఆవిడకెందుకు? ఫోన్ పెట్టేశాను."

"చదివావా మరి?" అంది రొస్వీత.

"ఎందుకు చదువుతాను?"

నెస్రిన్ నవ్వాపుకుంటూ ఉత్తరం ఆఖరి పేజీ తిప్పింది. నిర్ణయం నచ్చకపోతే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే అలాంటి పేరాలు రోజుకు ఇరవై చూస్తుంది, కళ్ళు మూసుకుని కూడా ఒప్పజెప్పగలదు. ఇది మాత్రం రెండుసార్లు చదివింది. నవ్వు పోయింది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"'ఈ నిర్ణయంపై అభ్యంతరమున్నచో నెల లోపల మునిసిపల్ కార్యాలయంలో తెలుపుకోవలెను.' మా కోర్టు పేరే లేదు," అంది.

"అంటే?" అన్నాడు ఎవాల్ట్.

"అంటే, తీసేసిన పద్ధతి రాశారు. ఎక్కడికి వెళ్ళాలో ఆఫీసే మీకు తప్పు చెప్పింది. అలా తప్పు చెబితే నెల గడువు చెల్లదు. మీకు ఏడాది టైముంది. మీరు ఆలస్యంగా రాలేదు, పియెహా గారూ. తొందరగానే వచ్చారు."

రొస్వీత భర్త చెయ్యి పట్టుకుంది. ఎవాల్ట్ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే పావురాలు?"

"ఇవాళ మీ ఫిర్యాదు నేను రాసుకుంటున్నాను కదా. కేసు తేలేదాకా ఎవరూ గూటి మీద చెయ్యి వెయ్యరు. వేయాలంటే ఉత్తరంలో విడిగా 'వెంటనే కూల్చండి' అని రాయాలి. అదీ రాయలేదు." నెస్రిన్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "చెప్పండి. గూడు ఎప్పటిది?"

ఎవాల్ట్ చెప్పాడు. గూడు సంగతితో ఆగలేదు, నీలం ఆడపావురం బుడాపెస్ట్ నుంచి తిరిగొచ్చిన కథ కూడా చెప్పాడు. అక్కర్లేదని తెలిసినా నెస్రిన్ సగం దాకా వింది. సంతకం పెట్టాక అతనికి పాత హుషారు వచ్చేసింది. టోపీ కాస్త పక్కకి వాల్చి పెట్టుకున్నాడు.

"చూశావా రొస్వీతా. టేపు పట్టుకుని సెంటీమీటర్లు కొలుస్తుంది కానీ, నాలుగు లైన్ల పేరా సరిగ్గా రాయడం రాదు. ఇంత మొద్దు మనిషికి ఉద్యోగం ఎవరిచ్చారో."

నెస్రిన్ ఉత్తరం కింద సంతకం చూసి తలెత్తింది.

"యూటా బ్రింక్‌మాన్ మేడమా? ఈ చివరి పేరా తప్పుల్లేకుండా ఎలా రాయాలో జిల్లాలో ఆఫీసులన్నిటికీ ఏటా క్లాసు తీసుకునేది ఆవిడే కదండీ."