ఎర్ర అమీబాలు

బల్ల మీద పరిచిన అట్ట చెరువులో అమీబాలు తిండి కోసం తన్నుకుంటున్నాయి. ఎర్రవి ఎలీషావి, పచ్చవి వాళ్లక్క రేచల్‌వి. ఒకటి విసర్జించింది ఇంకొకదానికి తిండి. కడుపు నిండితే ఒకటి రెండవుతుంది, దొరక్కపోతే చస్తుంది. పాయింట్లు కూడితే ముల్లో తోకో కొనుక్కోవచ్చు. శామీర్‌పేటలో ల్యాబు ఉద్యోగం చేసే ఎలీషా తెచ్చిన ఆట ఇది.

తల్లి ఏసమ్మకు ఇందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా గడప దగ్గర కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది. లోపల ఆమె భర్త జక్కయ్య, మేడ్చల్ వెళ్లి డయాలసిస్ చేయించుకొచ్చి సోలిపోయి పడుకున్నాడు. పిల్లలిద్దరి కిడ్నీలూ ఆయనకు సరిపోతాయట. ఎవరిస్తారో మీలో మీరే తేల్చుకోండని డాక్టరు అన్నాడు. వీళ్లేమో ఆటలో తేల్చుకుంటామని కూర్చున్నారు. తనే ఇద్దామంటే ఒంట్లో షుగరు, పనికిరాదన్నారు.

ఈ ఇంట్లో పందెమంటే ఒకటే పద్ధతి. బోళ్లు తోమడమైనా, బోరింగు దగ్గర్నుంచి నీళ్లు మోయడమైనా, చిన్నప్పటి నుంచీ ఓడినవాళ్ల నెత్తినే పడేది.

రేచల్‌కు ఇంకా పాలు మరవని పిల్ల. ఎలీషాకు పెళ్లి కుదిరింది. ఎవరి పేరు చెప్పి ప్రార్థన చెయ్యాలో ఏసమ్మకు తోచలేదు. కన్నబిడ్డలు పందెం వేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పచ్చవి బాగా పెరిగాయి. ఇంతలో లోపల పిల్ల ఏడిస్తే రేచల్ లేచి వెళ్లింది. ఎలీషా అటూ ఇటూ చూశాడు. తిండిలేక చావబోతున్న ఎర్ర అమీబాలను మెల్లగా తిండి ఉన్న గడిలోకి జరిపాడు.

ఏసమ్మ అది చూసింది. బయటపెడితే కొడుకు కోతకు పోతాడు. ఊరుకుంటే కూతురు పోతుంది. ఆ తల్లి ఏం చెయ్యగలదు?

రేచల్ తిరిగొచ్చింది. ఏమీ గమనించలేదు. కాసేపటికే ఎర్రవి చెరువంతా నిండాయి. ఆట ఎలీషా గెలిచాడు. రేచల్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి వెక్కిళ్లు వినపడ్డాయి.

ఏసమ్మ ఇక ఆగలేకపోయింది.

"నేను జూసిన్రా. అక్క లేనప్పుడు దొంగాట ఆడినవు. గంత పాణం తీపైందా నీకు?"

ఎలీషా వంటింటి వైపు ఒకసారి చూసి, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కకు మాత్రం చెప్పకే అమ్మా. గెలిసినోళ్లే నాయినకు కిడ్నీ ఇయ్యాలని మేము మాట అనుకున్నం."