పాముచెవులు

“ఇంకా గట్టిగా వినిపించాలండీ,” అందామె, చెవుల మీంచి హెడ్‌ఫోన్స్ తీస్తూ.

షాపాయన ఆమెను ఎగాదిగా చూశాడు. నలభై ఏళ్లుంటాయి. భుజాన ల్యాప్‌టాప్ సంచి. పాటలు వినే మనిషిలా లేదు. వచ్చి పావుగంటయినా ఒక్క పాట పెట్టమని అడగలేదు.

“ఇంతకన్నా గట్టిగా వింటే చెవులు చిల్లులు పడతాయమ్మా. అసలు దేనికి?”

“వినికిడి పరీక్షలకండీ. ఊరూరా తిరిగి చేస్తుంటాం. అసలు మిషన్ కొనే స్తోమత మాకు లేదు. బాగా చెవుడున్నవాళ్లకి నూట పది డెసిబెల్స్ దాకా వెళ్లాలి. ల్యాప్‌టాప్‌కి నేరుగా తగిలిస్తే సగంలోనే ఆగిపోతోంది.”

“ఆగదా మరి? దానికంత దమ్మెక్కడిది? మధ్యలో ఆంప్లిఫయర్ ఉండాలి.”

ఆమె చెప్పింది సబబుగానే ఉంది. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఈమధ్య ఆయనకు ఎవరిమీదా నమ్మకం కుదరడం లేదు.

వారం కిందట భార్య వంటింట్లో ఫోన్ పట్టుకుని గుసగుసలాడుతోంది. ఆయన గుమ్మందాకా వెళ్లేసరికి, “…ఆయనకి చెప్పకండి… ఒకసారి షాపుకొచ్చి చూడండి…” అన్న ముక్కలు చెవిన పడ్డాయి. ఎవరని అడిగితే, “రాంగ్ నంబరండీ,” అంది. రాంగ్ నంబరుతో అంతసేపా!

ముప్పై ఏళ్లుగా నడుపుతున్న షాపు. ఎదురు వరసలో కొత్తగా తెరిచిన పెద్ద షాపువాడు ఈ చోటు మీద కన్నేశాడని ఆయన గట్టి అనుమానం. “ఇంక చాలు, కాస్త ఇంటిపట్టున ఉండండి” అని భార్య పోరు మొదలుపెట్టిందీ అప్పటినుంచే. మొన్నటికి మొన్న ఒక స్కూటరువాడు హారన్ కొట్టకుండా వెనకనుంచి వచ్చి గుద్దితే, పక్కనే నడుస్తున్న ఆవిడ, “హారన్ కొట్టాడండీ” అని వాణ్నే వెనకేసుకొచ్చింది. కట్టుకున్నదే అవతలి పక్షం చేరాక ఇంక చెప్పేదేముంది?

లోపలి గదిలోంచి మూడు ఆంప్లిఫయర్లు తెచ్చేసరికి, బిల్లు కౌంటర్లో కూర్చున్న భార్యా, వచ్చినామే తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆయన్ని చూడగానే చటుక్కున విడిపోయారు.

‘ఓహో, ఇదన్నమాట సంగతి’ అనుకున్నాడు. పైకి మాత్రం సరుకు గురించే చెప్పాడు.

“ఇది అన్నిటికంటే చవక. గట్టిగానే వినిపిస్తుంది గానీ, పైకి వెళ్లేకొద్దీ గరగరలాడుతుంది. ఇది మధ్యరకం. ఈ మూడోది బంగారం లాంటిది, ధరా అలాగే ఉంటుంది.”

“గరగర ఉంటే నాకు పనికిరాదండీ. గట్టిగానూ ఉండాలి, శుభ్రంగానూ ఉండాలి, చవగ్గానూ ఉండాలి.”

“అవ్వా కావాలి, బువ్వా కావాలంటారు!”

ఆమె నవ్వింది. “పొద్దస్తమానం ఈ పరీక్షల కూతలు విని నా చెవులు మొద్దుబారిపోయాయండీ. మీరే విని చెప్పండి. మీ వ్యాపారంలో మిమ్మల్ని ‘పాముచెవులు’ అంటారటగా?”

నిజమే, ఒకప్పుడు అలాగే అనేవారు. మరి ఈమెకెవరు చెప్పారు? ఆయన కౌంటర్ వైపు చూశాడు. భార్య బిల్లు పుస్తకంలోకి తల దించుకుంది.

సరే, ఈమె ఏం చేస్తుందో చూద్దామని పాటలు వినిపించే అద్దాల గదిలోకి దారితీశాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వెనక కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

“వినపడగానే వేలెత్తండి.”

“నేనేమన్నా బళ్లో పిల్లాణ్నా?”

“మాట్లాడితే శబ్దం చెడుతుందని, అంతే.”

కుడివైపు సన్నగా కూత మొదలైంది. వేలెత్తాడు. ఎదుటి అద్దంలో ఆమె నీడ కనిపిస్తోంది. ఆయన వేలెత్తినప్పుడల్లా ఏదో రాసుకుంటోంది. తర్వాత ఎడమవైపు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక కూత.

“ఈ ఆంప్లిఫయర్ ఎడమవైపు శుద్ధ దండగ. ఇంకోటి పెట్టండి.”

రెండోదీ అంతే. మూడోదీ అంతే. హెడ్‌ఫోన్స్ మార్చినా అంతే. సరుకు పంపినవాడు కూడా ముంచాడన్నమాట! ఆయన ఒళ్లు మండిపోయింది.

“రెండోది ఇచ్చేయండి. చివరిదాకా గరగర లేదు. మా పనికి చాలు,” అందామె, కాగితం మడుస్తూ.

తాను దండగన్నదాన్ని ఏరికోరి కొంటానంటోంది! అనుమానం పెనుభూతమై కూర్చుంది.

“ఆ కాగితం ఇలా ఇవ్వండి.”

“ఇది నా పని కాగితమండీ.”

“నా షాపులో కూర్చుని రాసింది మీ పనెలా అవుతుంది? ఎదురు షాపువాడే కదూ మిమ్మల్ని పంపింది?”

ఆమె బిత్తరపోయింది. కేకలు విని భార్య లోపలికి వచ్చి ఏదో అంది.

“ఆ గొణుగుడు మానెయ్! చెప్పేదేదో గట్టిగా చెప్పు.”

“ఇచ్చేయమ్మా,” అంది భార్య, ఈసారి గట్టిగానే. “ఇంక దాచి లాభం లేదు.”

కాగితం లాక్కున్నాడు. గళ్ల మీద ఎర్ర సున్నాలు ఒక వరస, మెట్లు దిగినట్టు నీలం ఇంటూ గుర్తులు ఇంకో వరస. తన సరుకులో పనికొచ్చేదేదో, పనికిరానిదేదో చీటీ రాసిందన్నమాట. “ముప్పై ఏళ్ల షాపుకి మీరు మార్కులు వేస్తారా?” అని అరవబోతూ కాగితం పైభాగం చూశాడు.

రోగి పేరు అన్నచోట, భార్య చేతిరాతలో, ఆయన పేరుంది.