గార్డుగారి క్రిస్మస్ భోజనం

“బూట్లు లోపల పెట్టండి. బయట నాలుగు జతలు కనబడితే నాలుగిళ్ళవాళ్ళం చేరామని వీధంతా తెలిసిపోతుంది,” అన్నాడు తేజేశ్వర్, కిటికీ తెర ఇంకోసారి సర్దుతూ.

“మనం వచ్చింది క్రిస్మస్ విందుకా, దొంగతనానికా?” అంది నిఖిల, హైహీల్స్ చేత్తో పట్టుకుని.

హైదరాబాదులో ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఐర్లండ్‌లోని కార్క్‌కు ఎమ్మెస్‌ చెయ్యడానికి వచ్చిన ముఠా అది. నలుగురివీ నాలుగు అద్దె ఇళ్ళు. కరోనా కాలం కాబట్టి పండక్కి కూడా మూడిళ్ళవాళ్ళకు మించి ఒకచోట చేరకూడదన్నారు. తేజేశ్వర్‌కు చట్టమంటే మహాభక్తి. ఉల్లంఘించినా పద్ధతిగా ఉల్లంఘించాలంటాడు. వాళ్ళ ఇంటావంటా డిగ్రీ చూసిన మొదటివాడు. జనవరిలో మందుల కంపెనీలో చేరాలి. ఈలోగా కేసంటూ అయితే ఇక్కడ ఉండనిచ్చే వీసా కార్డు పోతుంది. కార్డుతోపాటే ఉద్యోగం.

“నలుగురికి ఐదు కంచాలెందుకు?” అన్నాడు బల్ల చూసి.

“మా ల్యాబ్‌లో పెద్దాయన్ని కూడా రమ్మన్నా,” అంది మధులిక. “భార్య పోయాక ఇదే మొదటి క్రిస్మస్ పాపం. వస్తాడో రాడో, భలే మొహమాటం మనిషి.”

“ఐదో ఇల్లా!” తేజేశ్వర్ గుండె పట్టుకున్నాడు.

“భయపడకురా. నువ్వు జైలుకు పోతే బిర్యానీ నేను తెచ్చిస్తలే,” అన్నాడు దినేశ్. పొద్దుటి నుంచి దమ్ముకు కాపలా కాసింది అతనే.

బెల్ మోగింది. తలుపుకున్న మసక అద్దంలోంచి తేజేశ్వర్ చూశాడు. పసుపుపచ్చ కోటు. దానిమీద అడ్డంగా మెరిసే పట్టీలు.

“గార్డులు!” అన్నాడు. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు.

మిగతా ముగ్గురూ తొంగి చూసే సాహసం చెయ్యలేదు. దొడ్డి తలుపు తీసుకుని పెరట్లోని చెక్క షెడ్డులోకి పరిగెత్తారు. కోట్లు ఇంట్లోనే ఉండిపోయాయి.

తేజేశ్వర్ తలుపు తీశాడు. ఆరడుగుల మనిషి, మాస్కు, హెల్మెట్, గోడకు ఆనించిన సైకిలు. సైకిలు మీద తిరిగే గార్డులు కూడా ఉంటారని అతను విన్నాడు. తలెత్తే ధైర్యం లేక ఆయన బూట్లతోనే మాట్లాడాడు.

“డిన్నర్ ఇక్కడేనా?”

విచారణ మొదలైంది. “అవును సర్. నా డిన్నరే. నేనొక్కణ్ణే.”

“మరి మిగతావాళ్ళు?”

“ఎవరూ రారు సర్.”

ఆయన లోపలున్న నాలుగు జతలకేసి చూశాడు.

“అన్నీ నావే సర్,” అన్నాడు తేజేశ్వర్, నిఖిల హైహీల్స్‌తో సహా.

ఆయన హెల్మెట్ తీసి చేత పట్టుకున్నాడు.

ఆ తరవాత జరిగినదాంట్లో తేజేశ్వర్ ప్రమేయం లేదు. అన్నాల వేళకు గుమ్మంలో మనిషి నిలబడితే అనమని వాళ్ళమ్మ నేర్పిన మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. “రండి సర్, భోంచేసి వెళ్దురు గాని.”

మనవాళ్ళెవరైనా అయితే ‘ఇప్పుడే తిన్నానండీ’ అంటారు. ఈయన బూట్లు విప్పేశాడు!

పసుపుపచ్చ కోటు హాల్లో కొక్కానికి తగిలించి, చేతులు కడుక్కుని, ఒక కాగితం సంచి బల్లమీద పెట్టి కూర్చున్నాడు. అది సాక్ష్యాలు వేసుకునే సంచి అయివుంటుందని తేజేశ్వర్ అటు చూడనైనా లేదు.

“ఒక్కడివే అన్నావు. ఐదు కంచాలు?”

“మా ఆచారం సర్. రాలేని స్నేహితులక్కూడా కంచం పెడతాం.” అంత అబద్ధం అంత చక్కటి ఇంగ్లిష్‌లో వచ్చినందుకు తేజేశ్వర్‌కు తనమీద తనకే ముచ్చటేసింది.

“మంచి ఆచారం,” అన్నాడాయన మెల్లగా. “నేనూ ఇంట్లో ఇంకో కంచం పెట్టుకుని ఉండాల్సింది.” కళ్ళు తుడుచుకున్నాడు.

పచ్చిమిరపకాయ తగిలిందనుకుని తేజేశ్వర్ మంచినీళ్ళిచ్చాడు.

హాల్లో కోటు జేబులో ఏదో గుర్రుమంది. స్టేషన్ నుంచి పిలుపు! “పండగపూట, మోగనీ,” అని ఆయన ఇంకాస్త అన్నం పెట్టించుకున్నాడు. డ్యూటీని కూడా మరిపించిందంటే ఏం బిర్యానీ అనుకున్నాడు తేజేశ్వర్.

బల్లకింద ఫోన్లో దినేశ్ మెసేజ్: “పోయిండా?”

“లేదు. రెండోసారి వడ్డించుకున్నాడు.”

“అది నా బిర్యానీరా! లెగ్ పీసులన్నా ఉంచు.”

“రెండూ ఆయనకే వేశాను. నాకు ఉద్యోగం ఉండాలా వద్దా?”

చివరికి ఆయన లేచాడు. పేరడగలేదు, కార్డడగలేదు. గుమ్మంలో గుండెమీద చెయ్యి వేసుకుని, “వచ్చే ఏడాది నీ స్నేహితులు తప్పకుండా వస్తారులే,” అని చెప్పి సైకిలెక్కాడు.

షెడ్డులోంచి ముగ్గురూ నీలం పెదాలతో వచ్చారు. తేజేశ్వర్ యుద్ధం గెలిచినవాడిలా నిలబడ్డాడు.

“చూశారా? మర్యాదగా పిలిచి నాలుగు మెతుకులు పెడితే చట్టం కూడా మన చుట్టమే.”

దినేశ్ గిన్నె అడుగు గీకి వచ్చింది ముగ్గురికీ పంచాడు. వణుకుతూనే తిన్నారు. అప్పుడు నిఖిల కాగితం సంచి విప్పింది. లోపల ఇంట్లో చేసిన పళ్ళ కేకు.

“గార్డులు కేకులు గూడ పంచుతరా?” అన్నాడు దినేశ్.

“ఇది ఐర్లండ్ రా!” అన్నాడు తేజేశ్వర్, అదేదో తనే కట్టించిన దేశమైనట్టు.

“మా పెద్దాయనే పాపం, పండగపూట పస్తున్నాడేమో,” అంది మధులిక. “‘ఇంట్లోకి గార్డొచ్చాడు, మీరు రాకండి’ అని షెడ్డులోంచే మెసేజ్ పెట్టేశా. ఇదిగో, ఇప్పుడు జవాబిచ్చాడు.”

పైకి చదివింది.

“‘నేను భోంచేసి వచ్చేసేదాకా అక్కడికి ఏ గార్డూ రాలేదే!’”