నాలుగో సంచి

"సలాలా అని చెప్పనా బావా?" అన్నాడు లింబాద్రి, ఆఫీసు కిటికీ ముందు నిలబడి.

భోజన్నకు ఒళ్ళు మండింది. పొద్దున లేచి మస్కట్ అన్నాడు. చాయ్ తాగేసరికి సోహార్ అన్నాడు. ఇప్పుడు సలాలా.

దుబాయి దగ్గర సజ్జాలో వాళ్ళు పనిచేసే సిమెంటు ఇటుకల కంపెనీ మూతపడుతోంది. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, కొంచెం మంచివాడు కాబట్టి ఒమాన్‌లో తన తమ్ముడికి నాలుగు ఊళ్ళలో పనులున్నాయనీ, ఎవరికి ఏ ఊరు కావాలో మధ్యాహ్నం నమాజులోగా చెప్పాలనీ కబురు పెట్టాడు. చెప్పనివాళ్ళు ఇంటికి పోవడమే. గుమస్తా లాల్ అహ్మద్ గోడకు నాలుగు సంచులు తగిలించుకుని, ఊరు చెప్పినవాడి పాస్‌పోర్టు ఆ ఊరి సంచిలో పడేస్తున్నాడు. మూడు సంచులు ఉబ్బిపోయాయి. నాలుగోది ఖాళీగా వేలాడుతోంది. అది ఏ ఊరిదో కూడా ఎవరూ అడగలేదు.

క్యాంపులో ఇంకా చెప్పనిది ఈ బావాబామ్మర్దులే. ఊళ్ళో బస్సెక్కేటప్పుడు భోజన్న పెళ్ళాం గౌరవ్వ మొగుడి చెయ్యి పట్టుకుని, తన తమ్ముడికి నోట్లో నాలుక లేదనీ, వాడెక్కడుంటే నువ్వక్కడే ఉండాలనీ మాట తీసుకుంది. ఊళ్ళో ఇద్దరి ఇళ్ళూ గోడల దాకా లేచి, కప్పు లేక ఎండకెండుతున్నాయి. ఇప్పుడు తిరిగిపోతే అవి అట్లాగే ఉంటాయి.

సలాలాలో వానలు పడతాయట, మన ఊరి లెక్కనే ఉంటుందట అన్నాడు లింబాద్రి. అయితే అదే చెప్పమన్నాడు భోజన్న. కానీ శానా దూరమట, ఎడారిలో బస్సు ఆగిపోతే ఎట్లా అన్నాడు లింబాద్రి. పోనీ మస్కట్ అంటే అక్కడ కొండలు పొయ్యిలా కాలుతాయట. సోహార్‌లో దుమ్మట.

"నువ్వే చెప్పరాదు బావా," అన్నాడు చివరికి.

"నేను చెప్ప. సజ్జాకు తోలుకొచ్చింది నువ్వేనని రోజూ నా పానం తీసినవ్. ఇంకోసారి నా నోటితోని ఊరి పేరు రాదు."

"ఏదన్న ఒకటి అనరాదు."

"నువ్వేడికి పోయినా మీ అవ్వ దుబాయే అంటది. నీకెందుకురా ఇంత పంచాయితి?"

మసీదులో నమాజు పిలుపు మొదలైంది. లాల్ అహ్మద్ కిటికీ తలుపు సగం లాగి, "యల్లా, యల్లా," అని తొందరపెట్టాడు. లింబాద్రి నోరు తెరిచి, "మస్క..." అని ఆగి, మళ్ళీ బావ ముఖం చూశాడు.

భోజన్నకు ఓపిక అయిపోయింది.

"ఏ దిబ్బకన్న పో. దిబ్బకే పోదాం ఇద్దరం. దిబ్బ!"

లాల్ అహ్మద్ చెయ్యి ఆగింది. "దోనో?" అని రెండు వేళ్ళు చూపించాడు.

ఇంటికి పోయేది ఇద్దరూనా అని అడుగుతున్నాడనుకున్నాడు భోజన్న. కోపంలో ఇంకేమీ ఆలోచించలేదు. "దోనో. ఖలాస్," అని వెనక్కి తిరిగాడు.

వెనక ఏదో పడ్డ చప్పుడైంది. చూస్తే రెండు పాస్‌పోర్టులూ నాలుగో సంచిలో ఉన్నాయి. అది ఏ ఊరి సంచి అని గాభరాగా అడిగాడు భోజన్న.

"తుమ్ హీ బోలా నా, దిబ్బా," అన్నాడు లాల్ అహ్మద్. దిబ్బా అంటే ఒమాన్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరనీ, అక్కడికి పోతామన్నది మీరిద్దరేననీ హిందీలో మెచ్చుకుని, కిటికీ మూసి నమాజుకు వెళ్ళిపోయాడు.

భోజన్న మూసిన కిటికీనే చూస్తూ నిలబడ్డాడు. లింబాద్రి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వాడు.

"యాద్ పెట్టుకో బావా, ఈ ఊరు గూడ నువ్వే చెప్పినవ్."