ముట్టండి

"ఎడమచేత్తో ఇస్తారా ఎవరైనా?"

డ్రాయింగు మాష్టరు ఏలీయాకు ఒళ్లు మండింది.

గుమ్మంలో నిలబడిన ముసలామె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కుడిచెయ్యి కొంగు కిందే ఉంది. ఎడమచేతిలో చుట్ట చుట్టిన గోనెపట్టా.

"బొమ్మ తెచ్చినాప్పా. లోపల గోడకు తగిలించు."

ఆ రోజు నాపరాళ్లపల్లె హైస్కూల్లో చిత్రాల ప్రదర్శన. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ ఊళ్లో ఇలాంటి ముచ్చట జరగడం అదే మొదలు. కడప నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయన్ను పిలుచుకు రావడానికి ప్యూను కమాల్ బాషా జమ్మలమడుగు బస్టాండుకు పోయాడు.

ఏలీయా ఈ ఊరికి వచ్చి ఏడాదే. మాలపల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదివి, ఈ బడిలో కుర్చీ ఎక్కిన మొదటి మనిషి. వేలెత్తి చూపడానికి పదిమంది కాచుకొని ఉన్నారని ఆయన భయం. అందుకే ఆయన కోటు నలగదు, బూటు మాయదు, బొమ్మలో రంగు గీత దాటదు.

గోనెపట్టా విప్పి చూశాడు.

పైన నల్లటి నాపరాతి పొడి. దాని కింద పొరలు పొరలుగా సున్నం. గీకినచోట లోపలి ఎర్రమట్టి కనిపిస్తోంది. చీర పేలికలు, పత్తి గింజలు, ఒక తాడుముక్క, ఒక పాత కొయ్యముక్క, పగిలిన గాజులు.

"ఏంది ఇది?"

"బావి."

"బొమ్మంటే నున్నగా ఉండాలమ్మా. ఇది అతుకుల బొంత."

"నున్నగా ఉండే బావి యాడైనా చూస్తివా?" ఆమె నవ్వింది. "మొదట ఉత్త సున్నం పూస్తి, రాలిపాయ. తుమ్మబంక కలిపితి, పగిలె. మళ్లా పేలికలు పరిచి వాటి మీద పూస్తి. అప్పుడు నిలబడె. పగుళ్లను మాత్రం పూడ్చలేదప్పా. అవి ఉండాల్సిందే."

"ఎవరు నేర్పినారు నీకు?"

"చెడిపోయిన బొమ్మలే."

ఏలీయా పట్టాను చుట్టబోయాడు. ఆమె అడ్డం పట్టుకుంది.

"మనోడు మేష్టరయినాడంటే విని, దువ్వూరు నుంచి వచ్చినా. నువ్వు కాకుంటే ఎవురు పెడతారు?"

ఆ 'మనోడు' అన్న మాట ఎవరైనా విన్నారేమోనని ఏలీయా చుట్టూ చూశాడు.

"మెల్లగా మాట్లాడు. ఇన్‌స్పెక్టరు చూస్తే నా పరువేం గాను? లోపల పెట్టను."

"పెట్టవా?"

"పెట్టను."

"సరే. గోడ నీది. కంచె ఎవురిది?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఆవరణలో బావి పక్కనే కంపకంచె ఉంది. పట్టా ఒక కొసను పళ్లతో పట్టి, ఇంకో కొసను ఎడమచేత్తో లాగి ముళ్లకు గుచ్చేసింది.

లోపల ప్రతి బొమ్మ కిందా ఏలీయా సుద్దతో రాసి పెట్టిన పలక ఉంది. 'ముట్టరాదు.'

మిగిలిపోయిన పలక ఒకటి వసారాలో ఉంది. ఆమె దాన్ని తీసుకుంది. బొటనవేలితో 'రాదు' చెరిపేసింది. ఆ తావున సుద్దముక్కతో వంకరటింకరగా 'ండి' అని రాసి కంచె కింద నిలబెట్టింది.

'ముట్టండి.'

లోపల జనం చేతులు కట్టుకొని తిరిగారు. బయట ఎగబడ్డారు.

ఊరి పెద్దాయన ఒకరు తాడును నిమిరి, "నిజం తాడేరా!" అని మురిసిపోయాడు. కూలోళ్లు ముట్టిన చెంబును చింతపండు పెట్టి తోమించే వనజమ్మ కూడా సున్నం పగుళ్లలో వేలు పెట్టి చూసింది.

ముసలామె వైపు మాత్రం ఎవరూ చూడలేదు. ఆమె వాళ్ల చేతులనే చూస్తోంది.

ఏలీయా విసురుగా బయటికొచ్చాడు.

"సాలు! తీసుకొని పో!"

"పోతా. అందరూ ముట్టినారు, అదే సాలు నాకు."

"మరి బొమ్మ?"

"దాని తావు ఇదే అప్పా. పీకేస్తే పీకెయ్. ఇంకోటి చేసుకొస్తా."

తల ఎత్తుకొని నడిచింది. ప్రొద్దుటూరు బస్సు ఆమెను ఎక్కించుకొని, దుమ్ము లేపుకుంటూ పోయింది.

పొద్దు వాలేటప్పుడు కమాల్ బాషా ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఇన్‌స్పెక్టరుకు జరమంట సార్. రాలేదు."

ఏలీయా ఉసూరుమని బావిగట్టు మీద కూర్చున్నాడు. కమాల్ బాషా నీళ్లు చేది లోటా అందించాడు. అప్పుడు అతని చూపు కంచె మీద పడింది. దగ్గరికి పోయి, ఆ కొయ్యముక్క మీద అరచెయ్యి ఆనించాడు.

"సార్, ఇది ఈ బావి పాత గిలకది! ఊరిడిసి దువ్వూరు పోయిన సుబ్బమ్మ వచ్చిండెనా? యాడుంది?"

"ఎవరో ముసలామె. పంపించేసినా. బొమ్మను ఎడమచేత్తో ఇచ్చింది, మర్యాద తెలీని మనిషి."

"కుడిచెయ్యి లేస్తే గదా సార్ ఇచ్చేదానికి."

లోటా ఏలీయా పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏమైంది చేతికి?"

"ఈ బడి లేని కాలంలో మీ వాళ్లెవురూ ఈ బావిని ముట్టకూడదు సార్. సుబ్బమ్మ ముట్టింది. గిలక మీద పెట్టిన చేతిని కట్టెతో ఇరగ్గొట్టినారు."

"అయ్యో..." ఏలీయా రోడ్డు వైపు చూశాడు. దుమ్ము కూడా లేదక్కడ.

"తెల్లారి ఆ యమ్మ చేతికి కట్టుతోనే మళ్లా వచ్చి, అందరూ చూస్తాండంగా పళ్లతో తాడు పట్టి ఎడమచేత్తో నీళ్లు చేదింది సార్, ఆ దినం అందరికీ తెరుచుకున్న బావి నీళ్లే మీరు దినామూ తాగేది."