అన్నం ఎవరిది?

"ముట్టుకోకు!"

కాంతయ్య ఒళ్ళో మూటని గుండెకి హత్తుకున్నాడు.

"తడిసిపోతాదని బాబూ," అన్నాడు లెచ్చుమనన్, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"తడిస్తే తడుస్తాది. మాయమ్మ పిండాలివి. నీ సెయ్యి తగలకూడదు."

లెచ్చుమనన్ తెడ్డుతో గట్టుని నెట్టాడు. పడవ కదిలింది.

కాంతయ్య మలాయాలో సుంగై సుమున్ దగ్గర కొబ్బరితోటలో కిరాణీ. అంటే తెల్లదొర కింద కూలీల హాజరు రాసే గుమాస్తా. మంచివాడే. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడు ఎంత మంచిగా ఉండగలడో అంత మంచివాడు.

లెచ్చుమనన్‌ది ఏ ఊరో ఎవరికీ తెలీదు. జపాన్‌వాళ్ళ కాలంలో సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి పోయి, కుంటికాలితో తిరిగొచ్చాడు. దొర పారేసిన చిన్న తెరచాప పడవని బాగుచేసుకుని నదిమీద బతుకుతున్నాడు. కాంతయ్య తల్లి పాపాయి అతనికి రోజూ పెరటి గుమ్మంలో ఇంత అన్నం పెట్టేది. కాంతయ్యకి అది గిట్టేది కాదు.

ఆమె పోయి ఇవాళ్టికి పదోరోజు. తన పిండాలు సముద్రంలోనే కలపమని కొడుకు దగ్గర మాట తీసుకుని మరీ పోయింది. ఆ నీళ్ళు తిరిగి తిరిగి విశాఖపట్నం చేరతాయని ఆమె నమ్మకం.

కానీ అది పందొమ్మిది వందల యాభై ఒకటి, డిసెంబరు నెల. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డుమీద సిపాయిలు. అడవిలోవాళ్ళకి తిండి అందకూడదని గుప్పెడన్నం కూడా తోట గేటు దాటనివ్వరు, వండినదైనా సరే. దాటితే జైలు, కాదంటే ఓడెక్కించి ఇండియాకి పంపేస్తారు. ఆ ఆర్డరు కూలీలందరికీ చదివి వినిపించింది కాంతయ్యే.

అందుకే గేటు మానేసి వెనక కాలవలోంచి ఈ పడవ ప్రయాణం. రమ్మంటే మిగతా పడవలవాళ్ళు ఎవరూ రాలేదు.

వారంరోజుల వాన ఆ తెల్లవారే వెలిసింది. నదిమీద పొగమంచు. మలాయాలో పుట్టిపెరిగినవాడికి అంత చలి ఎక్కడ అలవాటు? కాంతయ్య పళ్ళు టకటకలాడుతున్నాయి.

దూరంగా సముద్రం తెల్లగా కనిపించింది. అంతలో తెరచాప వేలాడిపోయింది.

"ఏటయినాది?"

"గాలి పడిపోనాది బాబూ."

"తెడ్డెయ్యి మరి!"

"ఏస్తన్నాను. పోటు ఎదురొస్తంది."

"పోయి పోయి నీ పడవెక్కినాను సూడు, నాకు బుద్ధి నేదు!"

 లెచ్చుమనన్ తెడ్డు వేస్తూనే ఉన్నాడు. పడవ ఉన్నచోటే ఉంది.

వెనకనుంచి మోటారు చప్పుడు వినిపించింది. పోలీసు లాంచీ.

"పారీమంటారా బాబూ మూటని?" అన్నాడు లెచ్చుమనన్ గొంతు తగ్గించి.

కాంతయ్యకి చేతులు రాలేదు. తల్లికిచ్చిన మాట ఒకపక్క, లాంచీ ఒకపక్క. తేల్చుకునేలోపే లాంచీ వచ్చి పడవకి ఆనుకుంది.

"అన్నం ఎవరిది?" అని సార్జంటు మూటలోకి తొంగిచూసి మలాయి భాషలో అడిగాడు.

కాంతయ్యకి క్వార్టర్సు గుర్తొచ్చింది. భార్య రత్నావతి గుర్తొచ్చింది. ముగ్గురు పిల్లలు. తనెన్నడూ చూడని ఇండియా.

లెచ్చుమనన్ వంగి, అతని ఒళ్ళోంచి మూట తీసుకున్నాడు. ఈసారి కాంతయ్య ముట్టుకోకు అనలేదు.

"నాది తువాన్," అన్నాడు లెచ్చుమనన్. "దొంగతనంగా అట్టుకెల్తంటే కిరాణీగారు సూసీసినారు. నన్ను టేసనుకి తీసుకెల్తన్నారు."

సార్జంటు కాంతయ్యకేసి తిరిగాడు.

"నిజమేనా?"

ఊరుకుంటే సరిపోయేది కాదు. ఏదో ఒకటి చెప్పాలి.

"అవును," అన్నాడు కాంతయ్య.

సార్జంటు సాక్ష్యానికి ఒక్క ముద్ద ఉంచుకుని, మిగతావి నీళ్ళలోకి విసిరేశాడు. అల లేని నీళ్ళలో అవి నిలువునా మునిగిపోయాయి.

లెచ్చుమనన్ కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

కాంతయ్య చేతులు కూడా లేచాయి. జోడిస్తే అన్నం ఎవరిదో తెలిసిపోతుంది. మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకున్నాడు. కన్నతల్లికి ఆ పాటి దండం కూడా పెట్టుకోలేకపోయాడు.

మర్నాడు హాజరు వేళ దొర కాంతయ్య భుజం తట్టి అందరిముందూ మెచ్చుకున్నాడు. ఆర్నెల్లకి, లెచ్చుమనన్ జైలు క్యాంపులో జ్వరంతో పోయాడని కబురొచ్చింది. కాంతయ్య "అయ్యో" అన్నాడు. ఆ పూట అన్నం తిన్నాడు కూడా.

యాభై ఏడులో మెర్డేకా వచ్చింది. స్వతంత్ర దేశంలో పౌరసత్వం కావాలంటే ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నామని చూపించాలి. కాంతయ్య ఆఫీసు గదిలో పాత కాగితాలు దులిపించాడు. సాక్షిగా ముసలి కంగాణీ సుప్పయ్యని పిలిపించాడు. ఒకప్పుడు కూలీలందరికీ పైవాడు, తోటలో ప్రతి మనిషినీ ఎరిగినవాడు.

ఒక కాగితం దగ్గర కాంతయ్య ఆగిపోయాడు. నలభై మూడులో తోటనుంచి సయాం పంపినవాళ్ళ జాబితా అది. అందులో తన పేరుంది.

"ఏటి మావా ఇది? నేను సయాం ఎప్పుడెల్లినాను?"

"నువ్వు ఎల్నేదు," అన్నాడు సుప్పయ్య. "నీకప్పుడు పెద్ద జొరం. ఒళ్ళు తెలీకుండా పడున్నావు. జొరమంటే జపానోడు ఇంటాడా? పేరు రాసినాక మనిసిని సూపించాల్సిందే."

"మరి?"

"మీయమ్మ లారీకి అడ్డంపడి ఏడిసింది. దారినపోయే కుర్రోడొకడు ఆగినాడు. నీలాగే ఉన్నాడు ఈడూ, జోడూ. నాకెవరూ నేరమ్మా, నేనెల్తానన్నాడు."

"ఇన్నేళ్ళూ నాకెవరూ సెప్పనేదేటి?"

"నీకు సెప్పొద్దని ఆడే మీయమ్మ సేత ఒట్టేయించుకున్నాడు, నువ్వు తలొంచుకుని బతకాల్సొస్తాదని."

"ఎవడు మావా ఆడు?"

సుప్పయ్య కాంతయ్య ముఖంలోకి చూడలేదు.

"కాంతయ్యా అని పిలిస్తే 'నేనే' అని లారీ ఎక్కినాడు, లెచ్చుమనన్."