కార్బురేటర్ మాస్టారు

మెకానిక్ కూర్చుని తాళం తిప్పాడు. కారు ఒక్క దెబ్బకి స్టార్టయింది.

"చూశారుగా మాస్టారూ, దీనికేమీ లేదు" అన్నాడు.

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. ఆ నెలలో మెకానిక్‌ని పిలవడం ఇది నాలుగోసారి. ఆయన తాళం తిప్పితే ఇంజను ఊరికే గిరగిరా తిరుగుతుంది, అంటుకోదు. మెకానిక్ కూర్చుంటే మాత్రం బుద్ధిగా అంటుకుంటుంది.

"నా స్టూడెంట్లూ ఇంతేనయ్యా. నేను పాఠం చెబితే నిద్ర. ప్రిన్సిపాల్ తొంగిచూస్తే నిటారుగా కూర్చునేవాళ్ళు."

మెకానిక్ నవ్వాడు. కాఫీ తెచ్చిన మాస్టారి భార్య వైపు ఒకసారి చూసి, తల దించుకుని తాగేసి వెళ్ళిపోయాడు.

మాస్టారు పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించే కార్బురేటర్ గురించి పాఠం చెప్పారు. పిల్లలు ఆయనకి ఆ పేరే పెట్టారు. తీరా ఆయన రిటైరయ్యేలోగా కార్బురేటరే రిటైరైపోయింది. ఎక్కడ చూసినా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు. ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక నల్ల పెట్టెలోని కంప్యూటర్ చెబుతుంది. ఆ పెట్టెన్నా, దాని చుట్టూ ఉన్న తీగలన్నా మాస్టారికి గుండె దడ. బానెట్ ఎత్తి, ఓ నమస్కారం పెట్టి, మళ్ళీ దించేసేవారు.

మనవరాలిని రోజూ బడి నుంచి కారులో తీసుకురావడం రిటైరయ్యాక ఆయన కోరి తెచ్చుకున్న ఉద్యోగం. కారు మొరాయించడంతో అదీ ఊడింది. పిల్ల ఇప్పుడు అమ్మమ్మతో బస్సులో వస్తోంది. వస్తూనే, బ్యాగు కూడా దించకుండా అడుగుతుంది.

"తాతయ్యా, కారు ఇవాళ కూడా అలిగిందా?"

ఐదోసారి మెకానిక్ వచ్చి వెళ్ళాక ఆయన ఒక నిర్ణయానికొచ్చారు.

"కంప్యూటర్ పీకేస్తున్నాను. కార్బురేటర్ పెడుతున్నాను."

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. "బంగారంలాంటి బండండీ! లోకమంతా ముందుకి పోతుంటే మీరు రివర్సు గేరు వేస్తారా?"

"నాకు సరిగ్గా పడే గేరు అదొక్కటే."

"పోనీ అమ్మేద్దాం. బస్సుందిగా."

"అమ్మితే నన్నూ అందులో కూర్చోబెట్టి అమ్మేయి. ఇద్దరం ఒకే మోడలు."

పాత బళ్ళ యార్డులో అదే ఇంజనుకి అన్నలాంటిది ఒకటి దొరికింది. ఇంజెక్షన్ రాకముందు తయారైనది. దాని కార్బురేటర్, దాని పెట్రోలు పంపు, స్పార్క్ అందించే డిస్ట్రిబ్యూటర్, అన్నీ ఊడదీయించి గోనెసంచిలో ఇంటికి మోసుకొచ్చారు. వీటిలో దేనికీ కంప్యూటర్‌తో పని లేదు. ఇంజను తిరిగితే చాలు, పంపు దానంతటదే ఆడుతుంది.

పది రోజుల పని అన్నారు. మూడు నెలలు పట్టింది.

పక్కనే పెట్టుకున్న స్పానరు కోసం షెడ్డంతా గాలించేవారు. కాలి పక్కనున్న కిరోసిన్ గిన్నెని రోజుకోసారి తన్నేవారు. "బ్లాక్‌బోర్డు మీద ముప్పై ఏళ్ళు విప్పి బిగించాను. అక్కడ ఒక్క బోల్టూ కింద పడలేదు" అని తనమీద తనే నవ్వుకునేవారు. కారు ఎడమ తలుపు మీద పొడుగాటి గీత ఒకటుంది. గేటే జరిగొచ్చి గీరిందని ఆయన వాదన. పనిలో పనిగా దానికీ రంగు పూశారు. ఆ రంగు కారుకి అంటినదానికన్నా లుంగీకి అంటిందే ఎక్కువ.

ఒకరోజు కార్బురేటర్ కింద సందు లేకుండా వేసే గ్యాస్కెట్‌ని తిరగేసి బిగించారు. "నా క్లాసులో ఈ పని చేసినవాణ్ణి బయట నిలబెట్టేవాణ్ణి" అంటూ నిజంగానే షెడ్డు బయటికెళ్ళి ఐదు నిమిషాలు నిలబడ్డారు.

భార్య రోజూ అడిగేది, "ఇక వదిలేయకూడదూ?" అని. అడుగుతూనే స్పానరు వెతికి చేతిలో పెట్టేది. గిన్నె పక్కకి జరిపేది.

మొదటిసారి స్టార్ట్ చేస్తే కార్బురేటర్‌లోంచి మంట తన్నింది. ఆయన కనుబొమలు సగం మాడాయి. రెండోసారి వచ్చిన పొగ చూసి పక్కింటాయన బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. విషయం తెలిశాక, "అయినా పోస్తానండీ, మీ ఇష్టం" అన్నాడు.

మూడోసారి ఆదివారం. మాస్టారు చోక్ లాగి, కళ్ళు మూసుకుని తాళం తిప్పారు.

ఇంజను దగ్గింది. తుమ్మింది. ఆగిపోబోయి అందుకుంది.

ఆయన గబగబా దిగి, కార్బురేటర్ మీది చిన్న స్క్రూని పావు చుట్టు తిప్పారు. దగ్గు తగ్గింది. ఇంకాస్త తిప్పారు. ఇంజను జోకొట్టినట్టు మెత్తగా ఆడసాగింది.

"విన్నావా?" ఆయన భార్య వైపు తిరిగారు. "అయితే నాకూ ఏదో వచ్చన్నమాట!"

మనవరాలు చప్పట్లు కొడుతూ వచ్చి వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"రేపట్నుంచి పిల్లని నేనే తీసుకొస్తాను. సందుల్లోంచి కాదు, పెద్ద రోడ్డు మీద, అందరూ చూసేట్టు."

భార్య కళ్ళు తుడుచుకుంది.

"పిచ్చిదానా, ఏడుస్తావెందుకు? ఇక మెకానిక్ కూర్చున్నా నేను కూర్చున్నా ఇది ఒకేలా నడుస్తుంది. నా బండిని ఎవరూ ఆపలేరు" అంటూ మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు.

ఆ కంప్యూటర్ ఉన్నన్నాళ్ళూ రోజూ ఆయన లేవకముందే లేచి, మెకానిక్ చూపించిన పెట్రోలు పంపు ఫ్యూజు పీకి దాస్తూ, అతనొచ్చినప్పుడల్లా మళ్ళీ పెట్టేస్తూ వచ్చిన ఆవిడ, ఇక పీకడానికేమీ మిగలని ఆ బండికి అడ్డంగా నిలబడి, ఆయన రెండు కళ్ళకీ పక్కచూపు పోయిందని, ఇక బండి నడపకూడదని రాసి, మెల్లగా మీరే చెప్పండంటూ డాక్టరు తన చేతికిచ్చిన కాగితాన్ని మొదటిసారి ఆయనకి అందించింది.